భూషణ రకం రూపాయి

ఖమ్మం,
18-1-1988

చిరంజీవి నిర్మలకు అన్నయ్య వెంకటప్పయ్య ఆశీస్సులు.

మీ వదిన భారతమ్మ, నేను కులాసా. ఎరువుల షాపు కూడా కులాసా. ఈ ఉత్తరం మాత్రం ఎరువుల గురించి కాదు. నేను ఇక్కడి నాణేల సంఘానికి కార్యదర్శినయ్యాను. సంఘమంటే మరీ పెద్దదనుకోకు, నా షాపు వెనక గదిలో యూరియా బస్తాల మధ్య పట్టేంత. కానీ ప్రెసిడెంటు ఎవరో తెలిస్తే నువ్వు లేచి నిలబడతావు. శ్రీ భూషణరావు గారు. అవును, మీ శాఖలో టీచర్ల బదిలీలు చూసే ఆయనే. చర్ల నుంచి కల్లూరు వేయమని నువ్వు పెట్టుకున్న అర్జీలన్నీ పడుకుని ఉన్నది ఆయన బీరువాలోనే.

ఆయనకున్న పిచ్చి ఒక్కటే, అచ్చులు. నైజాం కాలం చార్మినార్ రూపాయి చూశావు కదా. మధ్య గుమ్మంలో ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది. మనబోటి వాళ్లం అన్నీ ఒకటే అనుకుంటాం. కావు. ఒక అచ్చులో ఆ అక్షరం చిన్నది, ఇంకో అచ్చులో పెద్దది. అచ్చంటే ఉక్కు దిమ్మ. దానిమీద బొమ్మ తిరగేసి చెక్కుతారు. వెండి బిళ్ల పెట్టి కొడితే రూపాయి. కొట్టగా కొట్టగా అచ్చు కూడా అరుగుతుంది. ఇక్కడే అసలు విద్య ఉంది, జాగ్రత్తగా విను. రూపాయి అరుగుదల వేరు, అచ్చు అరుగుదల వేరు. చేతులు మారి అరిగిన రూపాయికి మినార్ల కొనలు ముందు పోతాయి. అచ్చే అరిగిపోతే కొత్త రూపాయి కూడా ముసలిదైపోయి పుడుతుంది. గీతలు ఉబ్బిపోయి, అంచులు కరిగినట్టు ఉంటాయి. నాకు ఇవన్నీ వారం రోజుల్లో పట్టుబడ్డాయంటే ప్రెసిడెంటుగారే ఆశ్చర్యపోయారు.

మీ చర్ల పల్లెల్లో ఆడవాళ్లు రూపాయల దండలు వేసుకుంటారట. తాతల నాటి రూపాయలు, ఎవరూ కరిగించనివి. రెండో మూడో సంపాదించి పంపు. ప్రెసిడెంటుగారు భూతద్దంలో కన్ను పెట్టిన టైము చూసి నీ బదిలీ మాట ఎత్తుతాను. ఆ టైములో ఆయన దేనికైనా ఊ అంటారు.

ఇట్లు,
వెంకటప్పయ్య, కార్యదర్శి


చర్ల,
2-2-1988

అన్నయ్యకు నిర్మల నమస్కారాలు.

ఎరువులు తూచే చేతికి భూతద్దం వచ్చిందంటే సంతోషమే. షాపులో తక్కెడ ముల్లు కూడా దానితోనే చూస్తున్నావా?

నువ్వు రాసిన అచ్చుల సంగతి సగం అర్థమైంది. బీరువా సంగతి పూర్తిగా అర్థమైంది. మూడేళ్లుగా అర్జీల మీద అర్జీలు పెట్టాను. మీ బావ కల్లూరు సొసైటీలో, నేను గోదావరి అవతల ఈ ఆశ్రమ పాఠశాలలో. చిట్టిని దగ్గర పెట్టుకుందామంటే వచ్చిన రెండు వానాకాలాలూ దానికి చలిజ్వరమే. ఇక నావల్ల కాక అత్తయ్య బుల్లెమ్మగారి దగ్గర వదిలిపెట్టి వచ్చాను. అది ఇప్పుడు పొడుగు మాటలు మాట్లాడుతోందట. నేను ఉత్తరాల్లో చదువుకుంటున్నాను. అన్నయ్యా, నాకు నాణేలు వద్దు, సంఘాలు వద్దు. నా పిల్ల పక్కన పడుకోవాలి, అంతే. దానికోసం నువ్వు రాళ్లు ఏరి పంపమన్నా పంపుతాను.

అందుకే సిగ్గు విడిచి మా హాస్టల్లో వంట చేసే పుల్లమ్మను అడిగాను. ఆమె మెడలో మంచి దండ ఉంది. "అమ్ముకునేటందుకు ఏసుకున్ననా టీచరమ్మా? మా అవ్వది గిది, మా అవ్వకు ఆమె అవ్వ ఇచ్చింది" అంది. అంతటితో ఆగలేదు. రెండు పూటలు నా పళ్లెంలో పప్పు నీళ్లలాగా పోసింది. ఊళ్లో ఇంకెవరిని అడిగినా అదే జవాబు. మెడలో ఉన్నది మాత్రం ఎవరూ ఇవ్వరు.

ఆఖరికి పుల్లమ్మకే జాలి కలిగి సీతయ్య దగ్గరికి తీసుకుపోయింది. సీతయ్య ఇక్కడి అవుసలి. నగలు చేసేది, దండలు గుచ్చేది, తెగితే అతికేది ఆయనే. ఆయన దగ్గర విడిగా మూడు బిళ్లలు ఉన్నాయి. అడగ్గానే ఇచ్చేశాడు. వాటిని గుడ్డలో కుట్టి రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. భూతద్దంలో కన్ను పెట్టిన టైము తప్పిపోనివ్వకు.

నీ చెల్లెలు
నిర్మల


ఖమ్మం,
20-2-1988

చిరంజీవి నిర్మలకు ఆశీస్సులు.

నువ్వు పంపినవి ఏమిటో నీకు తెలియదు. తెలిస్తే గుడ్డలో కుట్టి పంపేదానివి కాదు, నువ్వే ఒళ్లో పెట్టుకుని తెచ్చేదానివి.

మూడింటిలోనూ గుమ్మంలోని అక్షరం తిరగబడి ఉంది. కుడివైపు తిరగవలసిన కొక్కెం ఎడమవైపు తిరిగింది. ఇటువంటి అచ్చు ఏ పుస్తకంలోనూ లేదు. ప్రెసిడెంటుగారు చూసి కుర్చీలోంచి లేచి, మళ్లీ కూర్చుని, మంచినీళ్లు అడిగారు.

అది ఒక ఎత్తు. పగులు ఇంకో ఎత్తు. కుడి మినారు నుంచి అంచు దాకా సన్నటి గీత ఉంది. వేలితో తడిమితే గట్టులాగా తగులుతుంది. రూపాయి మీద ఎవరైనా గీస్తే గుంట పడుతుంది. గట్టు లేచిందంటే పగులు అచ్చులోనే ఉన్నట్టు. వెండి ఆ పగుల్లోకి దూరి పైకి లేచింది. పైగా మూడింటిలోనూ పగులు ఒకే తీరుగా లేదు. మొదటిదానిలో వెంట్రుకంత, రెండోదానిలో దారమంత, మూడోదానిలో మినారును దాటి గుమ్మం వైపు వస్తోంది. అంటే ఒకే అచ్చు జీవితంలో బాల్యం, యవ్వనం, నడివయసు మన బల్లమీద ఉన్నాయి. ఆ వరస కనిపెట్టింది నేనే అని వినయంగా మనవి.

ఒకటి రెండు చిన్న విషయాలు ఉన్నాయి. వెనకవైపు నున్నగా ఉంది, ఒక్క అక్షరం లేదు. మెడకు రాసుకుని రాసుకుని అరిగిపోయిందని ప్రెసిడెంటుగారు తేల్చారు. అంచుకు నొక్కులు లేవు. అవీ మెడకే అరిగాయట. తూకం తక్కువుంది. అదీ అంతే. మీ వదిన కాఫీ తెచ్చి, "నా కాసులపేరులో కాసులకూ వెనక ఏమీ ఉండదు కదండీ, అవుసలి ముందువైపే కొడతాడు" అంది. శాస్త్రం మాట్లాడుకునే చోట వంటింటి మాటలేమిటని పంపించేశాను.

నీ బదిలీ సంగతి ఎత్తాను. "ఊ" అన్నారు. ఫైలు కదిలిందనే అనుకో. ఇంకో రెండు పంపు, దశలు కలుపుతాము.

ఇట్లు,
నీ అన్నయ్య


చర్ల,
12-3-1988

అన్నయ్యకు నమస్కారాలు.

రెండు పంపుతున్నాను. సీతయ్యను అడిగితే "ఎన్ని గావాల్నమ్మా?" అన్నాడు. ఉన్నన్ని ఇమ్మన్నాను. "ఇప్పుడు లెవ్వు, సంత పోయినంక రా" అన్నాడు. సంత అయ్యాక వెళితే రెండు ఇచ్చాడు. సంతలో ఎవరి దగ్గరైనా కొన్నాడేమో. నేను అడగలేదు. పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ నాకు తీరిక లేదు, అసలు నాకు వేరే దేనిమీదా ధ్యాస లేదు.

చిట్టికి ఆటలమ్మ పోసింది. మీ బావ రాసిన ఉత్తరం చర్ల చేరేసరికి పొక్కులు ఎండి, వేపాకు స్నానం కూడా చేయించేశారట. ఒళ్లు కాలిపోతుంటే ఎవరిని పిలిచిందో, రాత్రిళ్లు ఎవరు విసిరారో నాకు తెలియదు. ఆ ఉత్తరం పట్టుకుని వంటింట్లో పొగలో కూర్చుని ఏడ్చాను. పొగవల్ల అని పుల్లమ్మ అనుకోలేదు. "గిదేం నౌకరి టీచరమ్మా, మేకపిల్లను గూడ తల్లికాడ్నే కడ్తరు" అంది.

ఫైలు కదిలిందన్నావు. ఎక్కడినుంచి ఎక్కడికి కదిలింది? ఈ అరలోంచి ఆ అరలోకా?

నిర్మల


ఖమ్మం,
6-4-1988

చిరంజీవి నిర్మలకు ఆశీస్సులు.

శుభవార్త. నేలకొండపల్లిలో జరిగిన సభలో ప్రెసిడెంటుగారు మన రూపాయల మీద వ్యాసం చదివారు. గంటసేపు చప్పట్లు కొట్టారని రాస్తే అబద్ధం, మైకు రెండుసార్లు పోయింది. కానీ కొట్టారు. వ్యాసం మంచి పత్రికకు వెళుతోంది, ఆయన ఫోటోతో సహా.

కొత్త రకానికి పేరు పెట్టాలి కదా. నేను వినయంగా "అప్పయ్య రకం" అని కాగితం మీద రాసిచ్చాను. ఆయన అంతకన్నా వినయంగా దాన్ని కొట్టేసి "భూషణ రకం" అని రాసుకున్నారు. పరవాలేదు. పగుళ్ల దశలు మాత్రం "వెంకటప్పయ్య వరస" అని అడుగున చిన్నక్షరాల్లో వేస్తారట.

నువ్వు పంపిన రెంటితో అయిదు దశలు అయ్యాయి. అయిదోదానిలో అంచు దగ్గర చిన్న ముక్క ఊడింది. అచ్చులో ముక్క ఊడితే రూపాయి మీద అక్కడ ముద్దలాగా లేస్తుంది, అచ్చం అలాగే ఉంది. ఇక ఆఖరి దశ ఒక్కటే మిగిలింది. పగులు ఈ కొస నుంచి ఆ కొసకు పాకి అచ్చు రెండు చెక్కలయ్యే ముందు కొట్టిన రూపాయి. అది దొరికితే ప్రపంచంలో ఒక అచ్చు పుట్టుక నుంచి చావు దాకా పట్టుకున్నది మనమే.

బదిలీ మాట మళ్లీ ఎత్తాను. ఈసారి ఊ అనలేదు, వివరంగా మాట్లాడారు. "ఇటువంటి టైములో నిర్మలాదేవిని చర్ల నుంచి తీస్తే పరిశోధన కుంటుపడుతుందయ్యా. ఆమె అక్కడ ఉండాలి" అన్నారు. ఎంత గౌరవమో చూడు. మొన్నటిదాకా ఆయనకు నీ పేరే తెలియదు, ఇప్పుడు పూర్తిపేరుతో పిలుస్తున్నారు. ఆఖరి దశ దొరికేదాకా ఓపిక పట్టు.

ఇట్లు,
నీ అన్నయ్య


చర్ల,
21-4-1988

వెంకటప్పయ్య గారికి,

అన్నయ్యా అని రాయడానికి చెయ్యి రాలేదు. నువ్వు గౌరవమన్నది చదివి ఒళ్లు మండిపోయింది. పనికిరాని దాన్నని ఇన్నాళ్లు ఇక్కడ ఉంచారు, ఇప్పుడు పనికొస్తున్నానని ఉంచుతున్నారు. ఎవరి పిల్లనైనా ఇలాగే బేరం పెడతావా? నీ సొంత మేనకోడలురా అది.

ఆ ఆఖరి దశేదో మొహాన కొడదామని అప్పటికప్పుడే సీతయ్య ఇంటికి వెళ్లాను. ముందు చెప్పకుండా వెళ్లడం అదే మొదటిసారి. సీతయ్య కొలిమి ముందు కూర్చుని రూపాయి కొడుతున్నాడు. మళ్లీ చదువు. కొంటున్నాడు కాదు, కొడుతున్నాడు.

ఉక్కు దిమ్మ. వాళ్ల నాయన చెక్కిందట. ఈ పల్లెల్లో దండలో ఒక రూపాయి జారిపోతే ఆ చోటు ఖాళీగా ఉంచరు. అసలుది దొరికేదాకా సీతయ్య ఒక బిళ్ల కొట్టి గుచ్చుతాడు. అసలుది ఎక్కడ దొరుకుతుంది, ఆ బిళ్లే ఉండిపోతుంది. అందరికీ తెలిసిన సంగతే. ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు. పుల్లమ్మ దండలో కూడా ఒకటి అలాంటిదే ఉంది. అసలు రూపాయలు మెడల్లోంచి రావు కాబట్టి మనకు విడిగా దొరికినవన్నీ ఇవే. నాకు బుర్ర ఉంటే మొదటిరోజే తట్టాలి. ఎవరి దండలోనో ఖాళీ పూడ్చడానికి అడుగుతున్నాననుకుని ఆయన ఇచ్చాడు, పాతవి అనుకుని నేను పంపాను, మహా రత్నాలు అనుకుని మీరు చప్పట్లు కొట్టించుకున్నారు.

వెనకవైపు మెడకు అరగలేదు. అక్కడ ఎప్పుడూ ఏమీ లేదు. వదిన చెప్పిందే నిజం, ఆమెను కాఫీ గ్లాసుతో సహా పంపించేశావు. పగులు మాత్రం నిజమే. పోయినేడు దిమ్మకు బీట పడిందట, చుట్టూ ఇనప కమ్మీ బిగించి కొడుతున్నాడు. మన గిరాకీ మొదలయ్యాక బీట జోరుగా పాకుతోందని సీతయ్య బాధపడుతున్నాడు. నీ వరసలో తప్పేమీ లేదు, అప్పయ్యన్నయ్యా. బాల్యం, యవ్వనం, అన్నీ సరిగ్గా కనిపెట్టావు. టంకశాల మాత్రం హైదరాబాదులో లేదు, చర్లలో కల్లు దుకాణం వెనక ఉంది.

ఈ సంగతి మీ ప్రెసిడెంటుగారికి నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?

నిర్మల


ఖమ్మం,
29-4-1988

ప్రియమైన చెల్లాయి నిర్మలకు,

నీ ఉత్తరం నేను చదవలేదు. అంటే చదివాను, చదివి పొయ్యిలో పెట్టాను, పెట్టాక చదవలేదని నిర్ణయించుకున్నాను. నువ్వూ రాయలేదని నిర్ణయించుకో.

కోపం తగ్గించుకుని ఆలోచించు. వ్యాసం అచ్చుకు వెళ్లిపోయింది. ఫోటో బ్లాకు కూడా చేయించారు. భూషణ రకం ఒకటి హైదరాబాదులో ఎవరో పెద్దాయనకు కానుకగా ఇచ్చేశారు కూడా. ఇప్పుడు ఇది అవుసలి బిళ్ల అని తేలితే ఆయన పరువు పోతుంది, దాని వెనకే నా పరువు. పరువు పోయిన ఆఫీసరు ఏం చేస్తాడో నీకు చెప్పాలా? నిన్ను చర్ల నుంచి కదుపుతాడు, నిజమే. ఇంకా లోపలికి కదుపుతాడు. అక్కడికి బస్సు కూడా పోదు. నేను నా గురించి చెప్పడం లేదు. చిట్టి గురించే నా దిగులంతా.

ఇంకో సంగతి. ప్రెసిడెంటుగారు వచ్చే నెలలో మీ స్కూలు తనిఖీ పేరుతో చర్ల వస్తున్నారు, అందుకని వేసవి సెలవుల్లోనూ హాస్టలు తెరిచే ఉంచమన్నారు. దండలు వాటి సొంత మెడల్లో చూడాలని ఆయన కోరిక. ఆ రోజుకు సీతయ్యను భద్రాచలం రాములవారి దర్శనానికి పంపు, ఖర్చులు నేను పెట్టుకుంటాను. కొలిమి మీద తాటాకులు కప్పించు. పుల్లమ్మను మాత్రం నోరు తెరవకుండా నిలబడమను.

నీ కాళ్లు పట్టుకుంటున్నాననుకో.

అన్నయ్య


చర్ల,
17-5-1988

అన్నయ్యకు,

వచ్చారు, చూశారు, వెళ్లారు. నువ్వు గుండె చేత్తో పట్టుకుని ఉంటావని మొదటి టపాకే రాస్తున్నాను.

సీతయ్యను భద్రాచలం పంపుదామనే అనుకున్నాను. దర్శనం అనగానే ఆయన సంచి కూడా సర్దుకున్నాడు. తీరా నాకే మనసు ఒప్పలేదు. నా పిల్లకోసం అబద్ధమాడడం నాకు రాదని కాదు, ఆడగలను. కానీ ఆ అబద్ధం నిలిచినన్నాళ్లూ నన్ను ఇక్కడే నిలబెడుతుంది కదా. ఆఖరి దశ అయితే ఆ తర్వాత ఇంకో రకం అడుగుతారు. ఏదైతే అది కానీ అని సీతయ్యను ఉండమన్నాను.

జీపు దిగగానే తనిఖీ మొదలుపెట్టారు. బడి ముందు నుంచే నడిచి వంటింట్లోకి వెళ్లిపోయారు. పుల్లమ్మ దండ చూసి ఒక బిళ్ల దగ్గర ఆగి, "ఇదే, ఇదే మన రకం" అన్నారు. పుల్లమ్మ నావైపు చూసింది. నేను ఆపలేదు. "గదా సారూ? గది సీతయ్య కొట్టిందే. ముందటిది వాగుల పడ్డది" అంది. అతికించాడని చెబుతోంది కాబోలని ఆయన నవ్వారు. అప్పుడు నేనే ముందు నడిచి సీతయ్య ఇంటికి తీసుకెళ్లాను.

సీతయ్యకు పెద్ద సారు వచ్చాడని ఆనందం. చెప్పకుండానే దిమ్మ తీసి, బిళ్ల పెట్టి, సుత్తితో ఒక్క పెట్టు వేసి, వేడి వేడిది ఆయన చేతిలో పెట్టాడు. ప్రెసిడెంటుగారు భూతద్దం తీశారు. చాలాసేపు చూశారు. చూస్తున్నంతసేపూ మెడ మీద చెమట కారుతూనే ఉంది.

"ఈ అక్షరం ఎందుకు తిరగబడింది?" అని అద్దం దించకుండానే అడిగారు.

"మా నాయనకు ఉర్దూ రాదు సార్. రూపాయి ముందల పెట్టుకొని ఎట్ల కనపడ్డదో గట్లనే దిమ్మ మీద చెక్కిండు. కొట్టినంక జూస్తే తిరగబడ్డది. ఆడోళ్లు ఏమనలే, ఉంచిండు."

"ఈ దిమ్మ నాకిస్తావా?"

"ఇస్తే దండలెట్ల సార్? దీనికి రోజులు దగ్గర పడ్డయి. కొత్తది చెక్కినంక రాండ్రి, ఇస్త."

ఆయన భూతద్దం జేబులో పెట్టుకున్నారు. జీపు దాకా నడిచి, బోనెట్‌కు ఆనుకుని, నన్ను పిలిచారు. అన్నయ్యా, ఆయన నన్ను తిడతారని సిద్ధపడ్డాను. ఆయన చాలా మెత్తగా, "మీరు ఎన్నాళ్ల నుంచి ఉన్నారమ్మా ఇక్కడ?" అన్నారు. నా ప్రతి అర్జీలో మొదటి వాక్యం అదే. చెప్పాను. "అయ్యో, చంటిపిల్ల తల్లి. ఎవరూ నా దృష్టికి తేలేదే" అన్నారు. తర్వాత చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "ఈ కొలిమి సంగతి మీకూ మీ అన్నకూ కాక ఇంకెవరికైనా తెలుసా?" అన్నారు. ఊరంతా తెలుసన్నాను. "ఊరు లెక్కలోది కాదు. నాణేలు తెలిసినవాళ్లకు?" అన్నారు. లేదన్నాను.

అప్పుడు ఆయన నాకు శాస్త్రం చెప్పారు. భూషణ రకం ఇక దొరకకూడదట. దొరికితే ఎక్కడ దొరుకుతోందని ఎవరైనా వెతుక్కుంటూ వస్తారట. దొరకకూడదంటే పంపేవాళ్లు ఇక్కడ ఉండకూడదట. నా స్థానంలో రూపాయి మొహం చూడని మనిషిని వేస్తానన్నారు. అక్కడే బోనెట్ మీద కాగితం పెట్టి నన్ను అర్జీ రాయమన్నారు, అక్కడే సంతకం చేశారు. చిట్టి ఏడుపుకు, ఆటలమ్మకు, నా మూడేళ్ల అర్జీలకు కదలని ఫైలు ఒక్క సుత్తి దెబ్బకు కదిలింది.

నా నోటికి కల్లూరు ఖరీదు కట్టారు. సిగ్గుపడ్డానా అంటే పడ్డాను. కాగితం తీసుకున్నానా అంటే రెండు చేతులా తీసుకున్నాను.

పుల్లమ్మకు చెబితే సంతోషపడింది. ఆ పూట నాకు వేసిన పప్పులో గరిటె నిలబడింది.

నిర్మల


ఖమ్మం,
9-6-1988

చిరంజీవి నిర్మలకు అన్నయ్య ఆశీస్సులు.

నేను చెప్పలేదూ? ప్రెసిడెంటుగారు మాట ఇస్తే తప్పరు. నీ ఆర్డరు పది రోజుల్లో వచ్చేసింది, ఆఫీసులో ఇంత జల్దీగా ఏ కాగితమూ నడవలేదని గుమాస్తాలే అంటున్నారు. మొదటి నుంచీ నేను వెంటపడబట్టే ఇది అయింది. మీ వదినతో కూడా అదే అన్నాను. ఆమె కాఫీ చక్కెర లేకుండా ఇచ్చింది.

పత్రిక వచ్చింది. ఫోటో బాగుంది. "వెంకటప్పయ్య వరస" అన్న ముక్క చోటు చాలక తీసేశారట. పరవాలేదు. వ్యాసం చివర "ఈ రకం ఇక ముందు లభించే అవకాశం లేదు" అని ప్రెసిడెంటుగారు కొత్తగా కలిపారు. దానితో ఎక్కడెక్కడి నుంచో ఉత్తరాలు వస్తున్నాయి, మాకొకటి ఇప్పించండి, మాకొకటి ఇప్పించండి అని. నా దగ్గర రెండున్నాయి. ఒకటి మీ వదిన కొట్టేసింది. దండలో గుచ్చించుకుంటుందట, కాసులకు జతగా బాగుందట. శాస్త్రానికి ఎంత నష్టమో ఆమెకు తెలియదు, పోనీ తెలిస్తే నాకు నష్టం.

సీతయ్య కొత్త దిమ్మ చెక్కుతాడన్నావు. అక్షరం ఈసారి ఎటు తిరుగుతుందో కనుక్కున్నావా? ఊరికే అడుగుతున్నాను.

అంతా సుఖాంతమైంది. ఇక నీకేం కొదవ. కల్లూరు సంగతులు రాయి, చిట్టి నిన్ను చూసి ఎంత సంబరపడిందో రాయి. అటువైపు ముసలివాళ్ల దగ్గర పాత డబ్బులేమైనా ఉంటే అదీ రాయి.

ఇట్లు,
వెంకటప్పయ్య, కార్యదర్శి


కల్లూరు,
21-6-1988

అన్నయ్యకు నమస్కారాలు.

పాత డబ్బులు ఉన్నాయో లేదో నాకు తెలియదు. ఉన్నా రాయను.

చిట్టి సంగతి అడిగావు కాబట్టి రాస్తున్నాను. పెట్టె, పరుపుచుట్ట, వంటసామానుతో పొద్దున దిగాను. చిట్టి గుమ్మంలో నిలబడి చూసింది. సంబరం లేదు, ఏడుపూ లేదు. పలకరింపుగా నవ్వింది, ఊరినుంచి వచ్చిన చుట్టాన్ని చూసి నవ్వినట్టు. మీ బావ మొహం తిప్పుకున్నారు. నేను దాన్ని ఎత్తుకుని, "ఇంక నేను పోనమ్మా, ఇక్కడే ఉంటాను" అన్నాను. బుద్ధిగా తలూపింది. పోయినసారి కూడా మధ్యాహ్నం పడుకోబెట్టేటప్పుడు ఆ మాటే చెప్పి, అది నిద్రపోయాక సాయంత్రం బస్సుకు బయల్దేరాను కదా.

మధ్యాహ్నమంతా బాగానే ఆడుకుంది. నాలుగు దాటాక ఆట మానేసి ఒకటే గుమ్మంలోకి, లోపలికి తిరిగింది. నేను పెట్టె విప్పి చీరలు దండెం మీద వేస్తుంటే వెనకే వచ్చి ఒక్కొక్కటీ లాగి మళ్లీ పెట్టెలో పెడుతోంది. వద్దంటే వినలేదు. నా చెప్పులు రెండూ తెచ్చి పెట్టె పక్కన పెట్టింది. "అమ్మా, బస్సు వస్తది" అంది. అత్తయ్య మొదట నవ్వారు, తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పెరట్లోకి వెళ్లిపోయారు.

బస్సు వచ్చింది. మా ఇంటి ముందునుంచే పోతుంది. చిట్టి నా చెయ్యి పట్టుకుని లాగింది, నేను కదల్లేదు. అది పరుగెత్తి గేటు పట్టుకుని నిలబడి, దుమ్ము అణిగేదాకా చూసింది. వెనక్కి వచ్చి నా మొహంలోకి చూసింది. నా కళ్లలో నీళ్లు చూసి బస్సు తప్పిపోయినందుకు ఏడుస్తున్నాననుకుంది కాబోలు, చిన్న చేత్తో నా భుజం మీద తట్టింది.

"ఊకో అమ్మా. పొద్దుగాల ఇంకో బస్సుంది. నేను లేపుతాలే" అంది.

పక్కన పడుకోబెట్టుకున్నాను. దాని చెయ్యి నా మీద వేయలేదు, తన గౌను కొస పట్టుకుని పడుకుంది. ఆర్డరు కాగితం దానికి చదివి చెప్పలేను కదా. పొద్దున బస్సు కూడా పోనివ్వాలి.

నీ చెల్లెలు
నిర్మల